అయస్కాంతం అంటుకునే గ్లాసు

రైలు దిగే స్టేషను పేరు బిట్రగుంట, దిగాక కాలు పెట్టే ఊరు బోగోలు. కొత్తగా వచ్చినవాళ్ళు రెండూ వేరు వేరు ఊళ్ళనుకుని ఆటో కోసం వెతుకుతారు. మా మామ దీన్ని కూడా గారడీ పద్దులోనే రాస్తాడు. "బోర్లించేటప్పుడు బిట్రగుంట, ఎత్తి చూస్తే బోగోలు" అంటాడు.

మామ హైస్కూళ్ళలో డ్రాయింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళుగా ఆయనకున్న రెండో వ్యసనం (మొదటిది వక్కపొడి) గిన్నెలూ బంతుల ఆట. మూడు గిన్నెలు, వాటి కింద బంతులు. ఒకదాని కింద పెట్టింది మాయమై ఇంకోదాని కింద తేలుతుంది. ఆఖర్న ఏ గిన్నె ఎత్తినా నిమ్మకాయో టమాటానో బయటపడుతుంది. అదే ఆట నేను నెల్లూరులో పుట్టినరోజు ఫంక్షన్లలో డబ్బుకు ఆడతాను. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, కొత్తగా తెప్పించుకున్న రాగి గిన్నెల సెట్టు కూడా పట్టుకెళ్ళాను. మెచ్చుకుంటాడని ఆశ. అరుగు మీద గుడ్డ పరిచి పెట్టాను.

మామ: ఏమబ్బయ్యా, ఇవి సంధ్యావందనానికా?

నేను: ఆటకు మామా. పట్టుకుని చూడు, ఎంత బరువుగా, ఎంత నున్నగా ఉండాయో. బంతులు కూడా వీటితోనే వచ్చినాయి. లోపల బెండు, పైన ఊలు అల్లిక. మూడు గిన్నెలు, నాలుగు బంతులు. అంతా కలిసి రెండువేల ఎనిమిది వందలు.

మామ: డబ్బా మీద నాలుగు బంతులని అచ్చేసినారే! జనానికి మనం చూపించేది మూడే గదా. ఆ నాలుగోదాన్ని దాచలేకే గదా ఇన్నేళ్ళ తిప్పలు.

నేను: డబ్బా ఎవరు చూపిస్తారు మామా?

మామ: డబ్బా చూపించవు. గిన్నె చూపిస్తావు గదా? దాన్ని చూడగానే 'గారడీ సామాను' అనుకుంటారు. ఇక నీ చెయ్యి ఎంత బాగా ఆడినా పేరు గిన్నెకే పోతుంది. 'దాంట్లో ఏదో అర ఉండాది' అంటారు. అర లేదని నువ్వు బోర్లించి, తట్టి, ఇచ్చి చూపించినా నమ్మరు. నమ్మకపోగా అంతగా చూపిస్తా ఉండాడంటే ఉండే ఉంటుందనుకుంటారు.

ఇంతలో అత్త కాఫీ తెచ్చింది. మామ ఖాళీ చేసిన స్టీలు గ్లాసును అలవాటుగా బోర్లించాడు. అత్త అంతే అలవాటుగా దాన్ని లాక్కుపోయింది. ఆయన లోపలికెళ్ళి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. అత్త దాన్ని చెత్త అంటుంది, మామ సరంజామా అంటాడు. అందులోంచి మూడు టెంకాయ చిప్పలు, పాత పరుపు లోపలి ఫోం ముక్కలు, టేబుల్ టెన్నిస్ బంతులు, నల్లబడిన ఒక దారపు ఉండ, నాలుగైదు స్టీలు గ్లాసులు బయటపడ్డాయి. టెంకాయ చిప్పలు నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నవే. వాటిని ఎలా చేశాడో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మామ: టెంకాయ అడ్డంగా పగిలితే రెండు చిప్పలు. కళ్ళుండే చిప్ప ఒకటి, లేనిది ఒకటి. పనికొచ్చేది కళ్ళ చిప్పే. మూడు కళ్ళల్లో రెండు గట్టివి, ఒకటి మెత్తంది. మొలక వచ్చేది దాంట్లోంచే. ఆ మెత్తని కంట్లో మేకు పొడిచి, కొబ్బరి తాడు దూర్చి, లోపల ఒక ముడి, బయట ఒక ముడి వేస్తే బోర్లించిన చిప్పకు నెత్తిన పిలక వస్తుంది. ఈ పిలకను చూపుడువేలికీ నడిమివేలికీ సందున పట్టుకో. ఉంగరపువేలూ చిటికెనవేలూ ఖాళీ. ఆ రెండూ మడిస్తే వాటి మొదట్లో రేగిపండంత బంతి కూచుంటుంది. చిప్పను నేలమీద పెట్టేటప్పుడు అంచు ఇంకా ఆనకముందే వేళ్ళు వదులు చెయ్. చిప్పా బంతీ ఒకేసారి దిగుతాయి. చూసేవాడికి చిప్ప ఒక్కటే దిగుతుంది.

ఆయన చేసి చూపించాడు. నాకు తెలిసిన పట్టే, నాకు తెలిసిన దొంగతనమే. అయినా ఎత్తినప్పుడు బంతి కనిపిస్తే గుండె ఒక్కసారి తడబడింది. ఇది ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆయన ముందు మాత్రం ఒప్పుకోలేదు.

మామ: మూడు ఒకే కొలతవి దొరికేదాకా మూడు నెలలు పట్టింది. మీ అత్త పచ్చడి చేసిన ప్రతి టెంకాయకూ నేను దారం చుట్టి కొలిచినా. పీచంతా గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితం పట్టి, కొబ్బరినూనె పూసినా. అంచు నేలకు సరిగ్గా ఆనాలని బండమీద నీళ్ళు చల్లి రుద్దినా. ఇప్పుడు చెప్పు, దీని ధరెంత?

నేను: మూడు నెలల జీతం! నా గిన్నెలే చవక. పైగా ఈ పిలక గిన్నె నీ సొంతమా? రోడ్డుమీద గారడీవాళ్ళు వాడే కొయ్యగిన్నెల తీరే గదా ఇది. నేలమీద గొంతుకూచుని ఆడేవాళ్ళ కోసం పుట్టిన ఆకారం. పడమటివాళ్ళ గిన్నెకు పిలక ఉండదు. నిలబడి బల్లమీద ఆడతారు గనక ఒకదాంట్లో ఒకటి దూరేట్టు, బోర్లిస్తే నెత్తిన బంతి నిలిచేట్టు చేసుకుంటారు. నాది ఆ తీరు. రెండూ ఆట కోసం చేసినవే. గారడీవాడి కొయ్యగిన్నె లేతుమీద తిప్పింది. వాడు ఏనాడూ వంటింటి చెంబు తెచ్చి ఆడలేదు.

మామ: ఆడలేదని నువ్వు చూసినావా? రోములో సెనెకా అని తత్వవేత్త ఉండె. రెండువేల ఏళ్ళ కిందటి మనిషి. ఆయన ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరాల్లో ఈ ఆట మాట వస్తుంది. ఆడ వాడింది ఏంది? పులుసు పోసుకునే చిన్న గిన్నె, గులకరాయి. వెనిగర్ అంటారే, దాన్ని పోసుకునే గిన్నె. లాటిన్లో దాని పేరు అసెటాబులం. మన తుంటి ఎముకలో తొడ ఎముక కూచునే గుంటకు కూడా డాక్టర్లు అదే పేరు పెట్టుకున్నారు. అంటే ఆ కాలానికే ఈ ఆట భోజనాల బల్లమీది గిన్నెతో ఆడేవాళ్ళు. ఆ తర్వాత ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్. 1584లో పుస్తకం రాసినాడు. మంత్రగత్తెలని ముసలోళ్ళను చంపతా ఉండిన కాలం. అయ్యా, ఇదంతా చేతివాటమని చెప్పడానికి గారడీల గుట్టంతా రాసిపెట్టినాడు. బంతుల ఆటకు కొవ్వొత్తి స్తంభాలో గిన్నెలో తీసుకో, అన్నిటికంటే ఉప్పుగిన్నె మూతలు మేలు అన్నాడు. ఉప్పుగిన్నె మూతరా అబ్బయ్యా! రాగి సెట్టు తెప్పించుకోమన్నాడా?

నేను: అప్పుడు ఇంకేం దొరక్క అన్నాడేమో. సరే, ఒకటి అడుగుతా. నా గిన్నె 'నేను గారడీ గిన్నెను' అని ముఖాన రాసుకుని తిరుగుతా ఉండాది. నీ చిప్ప కన్ను పొడిపించుకుని, తాడు దూర్పించుకుని, అంచు అరగదీయించుకుని కూడా 'నేను వంటింటి చిప్పను' అంటుంది. ఎవరిది అబద్ధం?

మామ: నీది నిజాయితీ ఉండే గిన్నె. దాంతో హరికథ చెప్పుకో.

నవ్వుకున్నాం. కానీ ఈ మాట మీద ఆయన కాసేపు వక్కపొడి నములుతూ ఊరుకున్నాడని నేను గమనించాను. ఆ ఊరుకోవడంలోంచి వచ్చిందే స్టీలు గ్లాసు కథ.

మామ: ఈ గ్లాసు చూడు. దీనికి నేను ఒక్క గీత పెట్టలేదు. కావలిలో పాత్రల కొట్లో కొన్నా. నువ్వు తెప్పించుకున్నావే, ఒకే గిన్నె, ఒకే బంతి, అయస్కాంతం ఆట...

నేను: చాప్ కప్. అల్ వీట్లీ అని అమెరికా ఆయన 1954లో కనిపెట్టినాడు. చైనావాడి వేషం కట్టి చాప్ చాప్ అనే పేరుతో ఆడేవాడు, ఆ పేరే గిన్నెకు వచ్చింది. గిన్నె అడుగున అయస్కాంతం, బంతిలో అయస్కాంతం. మెల్లగా ఎత్తితే బంతి గిన్నెకే అంటుకుని ఉంటుంది. గట్టిగా కొట్టి దించితే ఊడి పడుతుంది.

మామ: అదే. నేను అయస్కాంతం ఒక్క బంతిలోనే పెట్టినా. పాడైన ఇయర్‌ఫోన్ పగలగొడితే గుండీ అంత వస్తుంది, దానిమీద దూది, దూదిమీద దారం. ఇక గ్లాసు. మంచి స్టీలయితే అయస్కాంతం అంటదని ఆడోళ్ళు కొట్టుకు పోయేటప్పుడు ఒకటి పట్టుకుపోతారు గదా. నేను కూడా పట్టుకుపోయినా. కొట్టతను గ్లాసు తర్వాత గ్లాసు తీసి ఇస్తా ఉండాడు, నేను అయస్కాంతం పెట్టి చూసి 'వద్దు' అంటా ఉండా. 'సార్, అంటుకోవడం లేదు గదా, నికార్సయిన సరుకు' అంటాడు. 'అందుకే వద్దు, అంటుకునేది ఇవ్వు' అన్నా. ఆయన ముఖం చూడాల. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నాసిరకం కావాలని అడిగినవాడిని నన్నే చూసి ఉంటాడు. పైన అటకమీంచి దుమ్ము కొట్టుకుపోయిన డజను దించి, సగం ధరకు ఇచ్చినాడు.

నేను: ఇది బాగుంది. ఒప్పుకుంటా.

మామ: బాగుంది కాదు. నీ ప్రశ్నకు జవాబు. అబద్ధం గ్లాసులో లేదు. నాసి స్టీలు నాసి స్టీలే, దాని గుణం అది. నేను దాని గుణం కనుక్కున్నా అంతే.

నేను: మరి బంతి?

మామ: బంతి సంగతి వదిలెయ్.

బంతి సంగతి వదిలిపెట్టే మనిషి కాదు ఆయన. నల్లబడిన దారపు ఉండ చేతికి తీసుకున్నాడు. అది ఆయన మొదటి బంతి. వాళ్ళ నాయన బిట్రగుంట లోకోషెడ్డులో పనిచేసేవాడు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఈ ఊరి ప్రాణమంతా ఆ షెడ్డులోనే ఉండేది. ఇంజన్లు తుడిచే కాటన్ వేస్టు జేబులో మిగిలిపోయి ఇంటికొచ్చేది. పదేళ్ళ పిల్లాడు ఆ దారాల్ని ఉండచుట్టి, పైన ఇంకో దారం బిగించి బంతి చేసుకున్నాడు. ఇప్పటికీ ముక్కు దగ్గర పెట్టుకుంటే గ్రీజు వాసనేమో అనిపిస్తుంది. నా భ్రమే కావచ్చు. ఆవిరి ఇంజను పోయి ఎంతకాలమైందని!

మామ: ఈ ఆటలో బంతికి కావాల్సింది మూడే. చప్పుడు కాకూడదు, జారకూడదు, నొక్కితే కొంచెం లొంగాల. గోళీ తీసుకో, స్టీలు గ్లాసులో టంగుమంటుంది. నిమ్మపండు మొదట్లోనే వాడితే చెయ్యి తడి. పట్టపోళ్ళ దగ్గర వలబెండ్లు అడిగి తెచ్చి అరగదీసినా. అవి నున్నగా వచ్చినాయి, చెమట చేతిలో జారినాయి. థర్మాకోల్ అయితే వదలమన్నప్పుడు చేతికే కరుచుకుంటుంది. జీలుగుబెండు మెత్తన, చక్కగా చెక్కుడు పడుతుంది, కానీ గాలికి నిలవదు. జువ్వలదిన్నె రేవులో ఆడినప్పుడు మూడు బంతులూ సముద్రం వైపే పోయినాయి. ఇన్ని చూసి మళ్ళా దారపు ఉండకే వచ్చినా.

నేను: నేను అంగట్లో కొన్నదీ దారపు ఉండే గదా మామా! లోపల బెండు, పైన ఊలు. నువ్వు నలభై ఏళ్ళు తిరిగి చేరిన చోటికి నేను ఒక ఆర్డరుతో చేరినా.

మామ: చేరినావు, ఒప్పుకుంటా. దారి తెలీకుండా చేరినావు. రేపు చెన్నైలో ఆడతా ఉండగా బంతి పారేసుకుంటే ఏం చేస్తావు?

నేను: నీ దగ్గర నేర్చుకున్నదే చేస్తా, చేతిగుడ్డ చింపి చుడతా.

ఇక్కడ ఆయన మీద నాకు ఒక పాయింటు వచ్చిందని రాసుకుంటున్నాను. ఆయన దగ్గరికి వెంటనే ఇంకోటి వెళ్ళిపోయింది. టేబుల్ టెన్నిస్ బంతుల కథ అది. అది మాత్రం నేను ఏ మ్యాజిక్ కొట్లోనూ చూడలేదు.

వేళ్ళ సందున ఒక బంతి రెండై, రెండు నాలుగయ్యే ఆట ఒకటుంది. దాని కీలకం ఒక అరచిప్ప. బంతి మీద సరిగ్గా తొడుక్కునే సగం గుల్ల. కొనాలంటే జత కొలతలు కుదిరిన సెట్టే కొనాలి, ఎందుకంటే గుల్ల బంతికంటే వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. ఒకే కొలత బంతిని సగం కోస్తే ఇంకోదానిమీద ఎక్కదు. మామ దగ్గర రైల్వే కాలనీ పిల్లలు ఆడి పారేసిన పాత టేబుల్ టెన్నిస్ బంతులున్నాయి. 2000 సంవత్సరం దాకా ఆ బంతి అడ్డుకొలత 38 మిల్లీమీటర్లు. టీవీలో ఆట కంటికి ఆనాలనీ, వేగం తగ్గాలనీ సిడ్నీ ఒలింపిక్స్ అయ్యాక దాన్ని 40 చేశారు. అంటే కొత్త బంతిని నడిమికి కోస్తే ఆ గుల్ల పాత బంతిమీద గలగలలాడకుండా, బిగుసుకోకుండా కూచుంటుంది. అంతర్జాతీయ సంఘం ఎక్కడో కూచుని చేసిన నిర్ణయం బోగోలు డ్రాయింగ్ మాస్టరుకు గారడీ సామాను అయింది.

నేను: తెలుపు బదులు ఎరుపు ఉంటే స్టేజీమీద బాగుంటుందని ఒకసారి నేనూ చేసినా మామా. రంగు సరిగ్గా రాలేదని నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచినా. గుల్ల అప్పడంలా ముడుచుకుపోయింది.

మామ: సెల్యులాయిడ్ గదరా! ఆ మందుకు కరిగిపోతుంది. అగ్గిపుల్లకు ఇంకా త్వరగా పోతుంది. వస్తువును వాడుకునేముందు దాని జాతకం చూసుకోవాల. స్పాంజి బంతులమ్మి పేరు తెచ్చుకున్న గోష్‌మన్ అని అమెరికాలో ఒకాయన ఉండె. అసలు పని బేకరీ. పిండి ముద్ద పిసికిన చెయ్యి కనకే స్పాంజి లొంగుబాటు తెలిసిందని నేననుకుంటా.

నేను: అది నీ ఊహ.

మామ: నా ఊహే. బాగుంది గదా?

అసలు వాదం ఇక్కడ మొదలైంది. అప్పటిదాకా సామాను గురించి మాట్లాడుకున్నాం. నా మనసులో ఉన్నది సామాను కాదు.

నేను: మామా, నీకు పింఛను వస్తుంది. నువ్వు చిప్పతో ఆడినా చీపురుపుల్లతో ఆడినా రాత్రికి అన్నం ఉంటుంది. నేను ఫంక్షను హాల్లో స్టీలు గ్లాసులు తీస్తే, పిలిచినాయన ముఖం మాడిపోతుంది. 'ఏం బాబూ, సామాను తెచ్చుకోలేదా' అంటాడు. ఒకసారి అన్నారు కూడా. నా రాగి గిన్నె గారడీ చేయడానికి కాదు, నా రేటు నిలబెట్టడానికి. మెజీషియన్ పట్టాభిరామ్ గారి లాంటివాళ్ళు ఈ విద్యను వీధిలోంచి తీసి సభలమీద నిలబెట్టినారంటే ఊరికే అయిందా? అంతకుముందు గారడీవాడికి ఏం మర్యాద ఉండె? ఢిల్లీలో కూడా అమలైన 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టం ఆటాపాటా చూపి డబ్బడిగితే అడుక్కోవడం కిందే లెక్కేసింది. ఢిల్లీ హైకోర్టు 2018లో అందులో చాలా సెక్షన్లు కొట్టేసేదాకా ఆ ఊళ్ళో గారడీవాడికి పోలీసంటే భయమే.

మామ: నువ్వు చెప్పేది కడుపు మాట. దానికి నేను అడ్డం చెప్పను.

నేను: కడుపు మాటే కాదు, విద్య మాట కూడా. నీ సిద్ధాంతమేంది? రోజూ చూసే వస్తువునెవరూ అనుమానించరని. మన గారడీవాడు సరిగ్గా దీనికి తిరగేసి చేసినాడు. మామూలు వస్తువునే భయంకరం చేసినాడు. ఎముక ముక్కను కాటినుంచి తెచ్చినా అంటాడు. పొయ్యి బూడిదను విభూతి అంటాడు. వెదురుకర్రను మంత్రదండం అంటాడు. బోడి గ్లాసు పెట్టుకుని కూచుంటే దారిన పోయే మనిషి ఆగుతాడా? మోడి ఆట పేరు చెబితేనే మా చిన్నప్పుడు పిల్లల్ని ఇంట్లోకి లాక్కునేవాళ్ళు. విజయనగర కాలం శాసనాల్లో విప్రవినోదులని ఇంద్రజాలం ఆడే బ్రాహ్మల పేరు కనిపిస్తుంది. వాళ్ళూ 'ఇది నా ఇంటి చెంబు' అనే మాటమీద బతికి ఉండరు. మామూలు వస్తువుతో ఆడాలనేది బల్లకు అటూ ఇటూ కూచుని తినేవాళ్ళ మర్యాద మామా. వీధి మర్యాద వేరు.

ఈ మాట చాలా రోజులుగా దాచుకున్నాను. చెప్పేశాక మామ కిందపడతాడనుకున్నాను. ఆయన గోనెసంచి అడుగునుంచి జానెడు వెదురుముక్క తీశాడు.

మామ: మంత్రదండం అన్నావే, పట్టుకో. ఇప్పుడు నీ గుప్పిట ఎట్టుంది?

నేను: మూసి ఉంది.

మామ: ఎందుకు మూసి ఉంది?

నేను: కర్ర పట్టుకున్నా గదా.

మామ: మూసిన గుప్పిట్లో కర్ర ఉండాదని ఊరందరికీ తెలుసు. కర్రతోబాటు బంతి కూడా ఉండాదని గారడీవాడికి తెలుసు. ఉత్తచేత్తో గుప్పిట మూస్తే చంటిపిల్లోడు కూడా 'విప్పు' అంటాడు. ఇక విభూతి. మాటిమాటికీ సంచిలో చెయ్యి పెట్టి చిటికెడు తీసి చల్లుతాడు. చల్లింది విభూతి, సంచిలో వదిలింది బంతి, తీసుకొచ్చింది నిమ్మకాయ. ఆ పేర్లు జనాన్ని ఆపడానికి పెట్టినాడు, నువ్వు చెప్పింది నిజమే. కానీ ఆ కర్ర చేసే పని మంత్రం పని కాదు, కర్ర పనే. పట్టుకోవడమే. వాడు పేరు మార్చినాడు, పని మార్చలేదు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఇప్పటికీ పూర్తిగా రాలేదు. కానీ వాదంలో ఓడిపోతున్నప్పుడు కొత్త రంగంలోకి దూకడం మా ఇంటి విద్య.

నేను: పెన్ అండ్ టెల్లర్ అని అమెరికాలో ఒక జోడీ ఉంది మామా. వాళ్ళు ఈ ఆటనే తేటగా కనపడే ప్లాస్టిక్ గ్లాసులతో ఆడతారు. బంతి ఎప్పుడు దూరిందో కళ్ళముందే కనపడుతుంది, అయినా చూపు పట్టుకోలేదు. అంటే వస్తువు మామూలుదా కాదా అనేది అసలు ప్రశ్నే కాదు. చిప్పా, రాగీ, ప్లాస్టిక్కూ అంతా ఒకటే. చెయ్యే.

మామ: చెయ్యి ఒక్కటే చాలదు, వెలుతురు కూడా కావాల. 1990ల మొదట్లో మన జిల్లాలో సాక్షరతా ఉద్యమం నడిచింది. దూబగుంట ఆడోళ్ళు సారా కొట్లు మూయించిన రోజులు. రాత్రి బడులకు జనం రావాలని మమ్మల్ని ఊరూరా తిప్పినారు. బాబాల మహిమలు ఇట్టా చేస్తారని నేను గ్లాసులాట ఆడి చూపించేవాణ్ణి. ఒక ఊళ్ళో పెట్రోమాక్స్ లైటు నా వెనక పెట్టినారు. చేతిలోని బంతిని వాళ్ళకు కనపడకుండానే దాచినా. నీడ గోడమీద పడింది, ఏనుగంత! వెనక వరసలో ముసలామె 'అయ్యా, అయివారి చేతిలో కంతి లేచింది' అని కేకేసింది. పగలబడి నవ్వినారు. ఆ రాత్రి బడికి వచ్చినంతమంది అంతకుముందు రాలేదు.

నేను: చూసినావా, ఆట చెడితేనే నీకు జనం వచ్చినారు.

మామ: నాకు కాదు, బడికి.

ఇంతకీ మామ సిద్ధాంతానికి పెద్ద దెబ్బ కొట్టింది నేను కాదు. మా అక్క మనవరాలు. పోయినేడు నెల్లూరులో దాని పుట్టినరోజుకు మామే ఆడాడు, ఈ చిప్పలతోనే. పిల్లలు బంతివైపు చూడలేదు. చిప్పనే తిప్పి తిప్పి చూశారు. 'తాతా, ఈ బౌల్ ఎక్కడ కొన్నావు? అమెజాన్‌లోనా?' అని ఒకడు. అపార్టుమెంటు పిల్లలకు టెంకాయ తురుముగా, పొడిగా, ప్యాకెట్టుగా తెలుసు. పిలక వేసిన చిప్ప వాళ్ళకు నా రాగి గిన్నె ఎంతో అంతే వింత. నేను ఈ మాట ఎత్తగానే మామ మొహం కొంచెం చిన్నబోయింది.

మామ: నిజమే. ఆ రోజు ఇంటికొచ్చి మీ అత్తతో కూడా అన్నా. నేను మామూలు వస్తువని పట్టుకుపోయింది నా చిన్నతనంలో మామూలుది. వాళ్ళు చేత్తో పట్టుకున్నది వేరే ఏందో ఉంటుంది. అది కనుక్కోవాల.

నేను: కనుక్కున్నావా?

మామ: టీ తాగుదాం రా.

సాయంత్రం స్టేషను బయట టీకొట్టు. రాగి గిన్నెల సంచీ నా భుజాన్నే ఉంది, ఎందుకు పట్టుకెళ్ళానో నాకే తెలియదు. ఇద్దరం మిరపకాయ బజ్జీలు తిన్నాం. మామ బజ్జీల కాగితాన్ని చింపి నాలుగు ముక్కలు చేశాడు. మూడు ఉండలు బల్లమీద పెట్టాడు, నాలుగోది పెట్టలేదు. మా టీ కప్పులు రెండు, పక్కన తాగి పెట్టేసిన ఒక పిల్లవాడిది ఒకటి, మూడు పేపరు కప్పులు దులిపి బోర్లించాడు. నేను ఆ కప్పును వేలసార్లు పట్టుకుని ఉంటాను, ఎన్నడూ దాని అడుగు చూడలేదు. అడుగు కాస్త లోపలికి గుంటగా ఉంటుంది, బోర్లిస్తే నెత్తిమీద బంతి దొర్లకుండా నిలుస్తుంది. ఒకదాంట్లో ఒకటి దూరిస్తే నడుమ సరిగ్గా ఒక కాగితపు ఉండ పట్టేంత సందు మిగులుతుంది. నా సెట్టు చేసినవాళ్ళు ఏ కొలతల కోసం రాగిని అంతగా సాగదీశారో, ఆ కొలతలన్నీ ఆ కప్పులో ఉన్నాయి.

పిల్లవాడు దగ్గరికి జరిగాడు. కప్పులవైపు ఒక్కసారి కూడా చూడలేదు, అందులో ఒకటి వాడిదే గదా. ఉండ ఒకటి పోయింది. రెండోదాని కింద తేలింది. కప్పు మీద పెట్టిన ఉండ కప్పులోంచి కిందికి దిగింది. నూనె కాగితం కనుక అరచేతికి అతుక్కుని ఉంటోందని నాకు అర్థమైంది. పిల్లవాడికి కూడా అర్థమైంది.

"తాతా, నీ కుడిచేతికి నూనె మెరస్తా ఉంది. చెయ్యి చూపించు."

మామ చెయ్యి విప్పాడు. నూనె ఉంది, ఉండ లేదు. పిల్లవాడు ఎడంచెయ్యి అన్నాడు. అదీ విప్పాడు. అప్పుడే మెయిన్ లైన్లో గూడూరు వైపు గూడ్సు బండి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు, రోజుకు పదుల బండ్లు చూసేవాళ్ళు, బండి పోతుంటే ఇప్పటికీ తల తిప్పుతారు. ఆయన ఇంతసేపూ దానికోసమే కాచుకుని ఉన్నాడని నాకు తెలుసు. తెలిసీ నేనూ తల తిప్పాను.

బండి గాలికి కప్పులు కదలకుండా మూడిటిమీదా వేళ్ళు పెట్టి ఉంచాడు. ఆఖరి పెట్టె దాటాక నడిమి కప్పు ఎత్తాడు. పచ్చగా, కప్పుకు సరిపడా నిమ్మకాయ.

పిల్లవాడు కేకపెట్టాడు. టీకొట్టతను మాత్రం కేక పెట్టలేదు. స్టవ్ తగ్గించి, లెమన్ టీ కోసం పెట్టుకున్న బుట్టలో చెయ్యి పెట్టాడు.

"సారూ, ఆ కాయ నాదే గదా?"

మామ తల ఊపాడు. అతను బుట్టలో కాయలు ఒక్కొక్కటే ఏరి లెక్కపెట్టుకున్నాడు. తగ్గింది ఒకటి కాదు, మూడు. మిగతా రెండు కప్పులూ ఇంకా బోర్లించే ఉన్నాయి.